లావవుతున్న పిల్లలు ఒకచోట, పథకాలు మరోచోట

బడి గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండిని పిల్లలకు అమ్మకూడదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో చేసిన ఈ నిబంధన 2021 జులై 1 నుంచి అమల్లో ఉంది. సర్కారు బడి, ప్రైవేటు బడి అన్న తేడా దానికి లేదు. సూళ్లూరుపేట పట్టణంలో బడి వదిలే వేళకు ఏదో ఒక గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఎదురు కొట్లో ఐదు రూపాయల చిప్స్ పొట్లాలు తోరణాల్లా వేలాడుతుంటాయి. బజ్జీల బండి మీద నిన్నటి నూనె నల్లగా మరుగుతుంటుంది. మెడలో టై కూడా విప్పని పిల్లలు ఒక పఫ్, ఒక కూల్‌డ్రింకు చేతికి వచ్చాకే ఆటో ఎక్కుతారు. బడికి 100 గజాల లోపు సిగరెట్లు అమ్మరాదన్న హెచ్చరిక చాలా గోడల మీద ఉంటుంది. తిండి గురించిన 50 మీటర్ల మాట రాసిన గోడ మాత్రం నాకింతవరకూ కనబడలేదు.

పిల్లల ఊబకాయం మహానగరాల్లో కలవారి ఇళ్ల బెడద అన్న నమ్మకం మన చిన్న పట్టణాల్లో ఇంకా పోలేదు. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 5 నుంచి 19 ఏళ్ల వయసులో ఊబకాయం ఉన్న భారతీయ పిల్లలు 1990లో 4 లక్షల మంది. 2022 నాటికి ఆ సంఖ్య కోటీ 25 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తల్లుల సంగతి ఇలా ఉన్నప్పుడు అదే వంటింట్లో, అదే వీధిలో పెరిగే పిల్లలు వేరుగా ఉంటారని ఎలా అనుకుంటాం?

లావుగా ఉన్న చాలామంది పిల్లలకు మెడ వెనక నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. తల్లులు దాన్ని మురికి అనుకుని శనగపిండి పెట్టి తోలు ఎర్రబడేదాకా రుద్దుతారు. అది రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు. డాక్టర్లు దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఆ దారిలోనే ముందుకు పోతే కాలేయంలో కొవ్వు, ఆడపిల్లలకు నెలసరి గతి తప్పడం, ముప్పై దాటకముందే షుగరు. మెడ మీది ఆ నలుపును గుర్తుపట్టడానికి ఆస్పత్రి అక్కర్లేదు, కాస్త చెప్పి ఉంచితే తరగతి టీచరు చాలు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించే బృందాలు వెళ్లేది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి, 11 అంశాల మీద పాఠాలు చెప్పించాలంది. అదీ ప్రధానంగా సర్కారు, ఎయిడెడ్ బడుల కోసమే. సర్కారు బడుల్లో పెట్టే డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. ఇవన్నీ బక్కచిక్కిన బిడ్డను, నెత్తురు తక్కువైన బిడ్డను చూసి అల్లిన పథకాలు. తప్పేమీ లేదు. 2016–18 జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ల వారిలో 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు, అధిక బరువున్నవారు 5 శాతం. పులికాట్ ఒడ్డు కుప్పాల నుంచి వచ్చే పిల్లకు ఆ గుడ్డు ప్రాణాధారం.

కానీ ఆ 5 శాతం ఎక్కువగా పట్టణాల్లో, చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఇళ్లలో ఉన్నారు. వాళ్లలో చాలామంది చదివేది ప్రైవేటు బడుల్లో. అక్కడికి పరీక్ష బృందం రాదు, శిక్షణ పొందిన టీచరు ఉండరు, మధ్యాహ్నం వేడన్నం ఉండదు. పొద్దున ఏడింటికి కట్టిన డబ్బా ఉంటుంది. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడులన్నిటిలో చక్కెర బోర్డులు పెట్టమంది. 11–18 ఏళ్ల పిల్లలకు రోజువారీ కెలొరీల్లో 15 శాతం చక్కెర నుంచే వస్తోందని, 5 శాతం దాటకూడదని ఆ ఉత్తర్వు వివరించింది. మంచి పనే. మన వీధుల్లో ఎక్కువగా ఉన్న స్టేట్ సిలబస్ ప్రైవేటు బడులు ఆ ఉత్తర్వు పరిధిలోకి రావు. లావవుతున్న పిల్లాడి దాకా ఏ పథకమూ చేరడం లేదు.

దీనికి తల్లుల్ని తిట్టడం తేలిక. శ్రీసిటీ పరిశ్రమలకో, మాంబట్టు చెప్పుల ఫ్యాక్టరీకో షిఫ్టు బస్సు పట్టుకునే తల్లి తెల్లవారుజామునే లేస్తుంది. సాయంత్రం బిడ్డ ఇంటికొచ్చేసరికి ఆమె ఇంకా దారిలోనే ఉంటుంది. అందుకే పది రూపాయలు చేతిలో పెడుతుంది. ఆ పదితో అరటిపండ్లు కొనేలా, ఉడకబెట్టిన శనగలు దొరికేలా బడి ముందు బజారు ఉందా అన్నది ఆమె చేతిలో లేని విషయం. ప్రభుత్వం చేతిలో ఉంది. అక్కడ ఏం జరిగింది? 2025 సెప్టెంబరు 22 నుంచి కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతమైంది. బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్చర్లు, నూడుల్స్ మీద పన్ను మాత్రం 5 శాతానికి దిగింది. చిత్రమేమిటంటే, ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్రధాని మన్ కీ బాత్‌లో వంటనూనె పది శాతం తగ్గించమని దేశాన్ని కోరారు.

ఆట సంగతి మరీ బాధాకరం. పిల్లలకు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2016 లెక్కల్లో మన దేశపు కౌమార పిల్లల్లో నూటికి 74 మందికి అది అందలేదు. విద్యా హక్కు చట్టం 2009 ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ఉన్నదేమిటంటే అపార్ట్‌మెంటులాంటి భవనం, కింద బస్సులు నిలిపే జాగా. టైంటేబుల్లో పీటీ పీరియడు ఉంటుంది, పదో తరగతికి వచ్చేసరికి లెక్కల సారు దాన్ని తీసుకుంటారు. నాలుగున్నర తర్వాత స్టడీ అవర్లు. ఏడెనిమిదింటి దాకా కూర్చునే ఆ పిల్లలకు మధ్యలో దొరికేది మళ్లీ ఆ పఫ్పే. ఆడపిల్లలకైతే ఎనిమిదో తరగతితోనే ఆట ముగిసిపోతుంది.

ఉపన్యాసాలతో, బరువు తూచే క్యాంపులతో పిల్లలు సన్నబడరు. తరగతిలో నిలబెట్టి బరువు చదివితే ఆ బిడ్డకు మిగిలేది ‘బొండాం’ అన్న పేరు. ఆ అవమానంతో పగలు పస్తుండి రాత్రి దొంగచాటుగా తింటారు. బరువు, ఎత్తు ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఆ లెక్క తల్లిదండ్రులకే విడిగా చెప్పాలి. పెద్దవాళ్ల కొలతలు కాకుండా భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన వయసువారీ పట్టికలతోనే పోల్చాలి. చిలీ దేశం 2016లో చక్కెర, కొవ్వు ఎక్కువున్న పొట్లాల మీద నల్లటి ముద్రలు వేయించి, అవి బడుల్లో అమ్మకుండా ఆపింది. జపాన్‌లో పిల్లలే తోటివాళ్లకు వడ్డిస్తారు, టీచర్లతో కలిసి అదే తింటారు. 2005లో అక్కడ తిండి గురించిన చదువుకు ఒక చట్టమే చేసుకున్నారు. రెండుచోట్లా మార్చింది పిల్లాడి చుట్టూ ఉన్న పరిస్థితిని.

సూళ్లూరుపేట మున్సిపాలిటీ, ఆహార భద్రతాధికారి, మండల విద్యాశాఖాధికారి కలిసి ప్రతి బడి గేటు దగ్గర 50 మీటర్లు కొలిచి గీత గీయించాలి. బండివాళ్ల పొట్ట కొట్టనక్కర్లేదు. ఆ గీత లోపల పండ్లు, గుగ్గిళ్లు, మజ్జిగ, జొన్నపొత్తులు అమ్ముకోనివ్వండి. చిప్స్ గీత బయటికి పోవాలి. పాఠశాల ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రైవేటు బడులకూ తప్పనిసరి చేస్తూ, గుర్తింపు పునరుద్ధరణకు దాన్ని షరతుగా పెడుతూ రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి. తల్లిదండ్రులకు ఒక మనవి: ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల కాగితం అందుకోకముందే మీ బిడ్డ తరగతి టైంటేబుల్ అడగండి. వారంలో ఆట పీరియడ్లు ఎన్ని ఉన్నాయో, అందులో నిజంగా ఆడినవి ఎన్నో ప్రిన్సిపాల్ చేత చెప్పించండి.