నీంద్‌ని కొలిచే మిషన్ లేదు

మొన్న రాత్రి పదకొండున్నరకి నా భాంజా ఫోన్ చేశాడు. మా ఆపా పెద్ద కొడుకు. చిన్న చార్టర్ విమానంలో కో-పైలట్. కంపెనీ పేరు రాయను, వాడి నౌక్రీ నాకు ముఖ్యం.

"మామూ, ఆజ్ ల్యాండింగ్ సే పైలే మేరీ ఆంఖ్ లగ్ గయీ" అన్నాడు. దిగేముందు కళ్లు మూతపడ్డాయట. పక్క సీట్లో కెప్టెన్ మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచాడట. "అమ్మీకి చెప్పొద్దు మామూ" అన్నాడు.

పొద్దున నాలుగింటికి లేచాడు. విమానం ఎక్కాల్సిన పెద్దమనిషి ఆరు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అంతసేపూ వీళ్లిద్దరూ రన్‌వే పక్కన రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చున్నారు. కంపెనీ వాళ్ల లెక్కలో అది ఆరామ్. మళ్లీ దిగేసరికి రాత్రి తొమ్మిదయ్యింది. "థోడా అడ్జస్ట్ కర్లో" అన్నాడట మేనేజర్.

నేను ఇరవయ్యేళ్లు పేపరాఫీసుల్లో నైట్ డెస్క్ చేసినవాణ్ని. నాకు కునుకు పడితే ఒక తప్పు అచ్చవుతుంది, మర్నాడు సవరణ వేస్తాం. వాడికి కునుకు పడితే సవరణ ఎక్కడ వేస్తారు?

మనకొక ఆదత్ ఉంది. విమానం పడగానే ఒకరు "పైలట్ గల్తీ" అంటారు, ఇంకొకరు "తక్దీర్" అంటారు. రెండూ అనేసి ఇంటికి పోతాం. ఈ రెండు మాటలూ ఎవరిని కాపాడుతున్నాయో అడగడానికే ఇది రాస్తున్నా.

2009 సెప్టెంబర్ 2 గుర్తులేని ముస్లిం ఇల్లు మన దగ్గర ఉండదు. మన పిల్లలకి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేటలో హెలికాప్టర్ ఎక్కి చిత్తూరు జిల్లాకి బయల్దేరారు. ఆ బెల్ 430 నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ఇద్దరు పైలట్లతో కలిపి ఐదుగురు పోయారు. సాజిష్ అని ఎన్ని కథలు విన్నామో! కానీ ప్రభుత్వం వేసిన దర్యాప్తు కమిటీ చెప్పింది వేరు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ దగ్గర ఏదో తేడా కనిపించింది. పైలట్లు మాన్యువల్‌లో దాని గురించి వెతుకుతూ కొన్ని నిమిషాలు గడిపారు. ఎదురుగా ఉన్న మబ్బుల మీద ధ్యాస తగ్గింది. ఆ వాతావరణంలోకి వెళ్లాక పైనుంచి కిందికి కొట్టే గాలి హెలికాప్టర్‌ని కొండకేసి తోసింది. వాళ్లు అనుభవం లేనివాళ్లు కాదు, ఖాళీగా కూర్చున్నవాళ్లూ కాదు. ఒక పనిలో పడి ఇంకో పని మరిచారు.

గఫ్లత్ అంటే ఇదే. అది చెడ్డవాళ్లకి మాత్రమే వచ్చే జబ్బు కాదు. ఇన్సాన్ అన్నవాడికల్లా వస్తుంది. ఒకటో రెండో సీట్ల కాక్‌పిట్‌లో వస్తే పట్టుకునేవాడు ఉండడు.

అమెరికాలోని మిస్సోరీలో 2011 ఆగస్టు 26న ఒక అంబులెన్స్ హెలికాప్టర్ మోస్బీ దగ్గర పడిపోయింది. పైలట్, నర్సు, పారామెడిక్, పేషెంట్, నలుగురూ పోయారు. ఇంధనం అయిపోయింది. దిగాల్సిన చోటు ఇంకో మైలు దూరంలో ఉంది. ఫోన్ రికార్డులు తీస్తే, ఆ పైలట్ డ్యూటీలో ఉండగా, గాల్లో ఉండగా కూడా, తోటి ఉద్యోగితో మెసేజ్‌లు నడుపుతున్నాడు. రాత్రి భోజనం సంగతులు. ముందురోజు రాత్రి అతను పడుకుంది ఐదు గంటలే. దర్యాప్తు సంస్థ రెండింటినీ కారణాల్లో రాసింది, ఫోన్‌నీ, అలసటనీ.

ఫోన్ సంగతి సులువు. లాక్కోవచ్చు. 1974లో అమెరికాలోని షార్లెట్‌లో పైలట్లు దిగేటప్పుడు రాజకీయాలూ, పాత కార్లూ మాట్లాడుకుంటూ విమానాన్ని నేలకి కొట్టారు. 72 మంది చనిపోయారు. తర్వాత 1981లో అక్కడ రూల్ వచ్చింది: పదివేల అడుగుల కింద పనికిరాని మాట ఒక్కటీ మాట్లాడకూడదు. నోరు మూయమని రూల్ రాయొచ్చు. నిద్ర రావద్దని ఎవరు రాయగలరు?

ఇక్కడే నా కోపం. మన దేశంలో పైలట్ ఎగరడానికి ముందు 12 గంటలు మందు ముట్టకూడదు. ఊది చూపించమని మిషన్ పెడతారు. చాలా మంచిది. మరి 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడంతగా తడబడతాడని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన రోడ్డు మీద స్కూటర్ నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. పొద్దున నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎన్ని గంటలో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ రాత్రి నా భాంజా మందు ముట్టకుండానే తాగినవాడిలా విమానం దించాడు. ఏ మిషనూ పట్టుకోలేదు.

నీంద్‌ని కొలిచే మిషన్ ఒక్కటే ఉంది, పైలట్ జబాన్. "నాకు నిద్ర చాలలేదు, ఎగరలేను" అని వాడే చెప్పాలి. ఆ జబాన్‌ని మనం జీతంతో కట్టేశాం.

"రూల్ ఉంది కదా, కుదరదని చెప్పొచ్చు కదా" అంటారు కంపెనీల వాళ్లు. చెప్పొచ్చు. ఎగిరిన గంటలకే పైసలిచ్చే చోట చెప్పినవాడికి ఆ నెల ఏం మిగులుతుంది? వీడి ట్రైనింగ్ కోసం మా ఆపా గాజులు అమ్మింది, దూల్హాభాయి ప్లాట్ అమ్మాడు, మిగిలింది బ్యాంకు లోను. అలాంటి ఇంటి పిల్లవాడు "కుదరదు" అనాలంటే హిమ్మత్ ఒక్కటే చాలదు.

నేను అడిగేది పెద్ద చీజ్ కాదు. షెడ్డులో కుర్చీ మీద కూర్చున్న గంటల్ని ఆరామ్ అని రాయకండి. నిద్ర లేదన్నవాడి జీతం కోయకండి. దర్యాప్తు చేసేవాళ్లు స్టిక్ ఎవరి చేతిలో ఉందని అడిగినట్టే, రోస్టర్ ఎవరు రాశారని కూడా అడగండి. ఆలస్యంగా వచ్చి "జల్దీ పోనీ" అనే పెద్దమనుషులకి కూడా ఆ రిపోర్టులో ఒక పేజీ ఉండాలి. ఎక్కినవాళ్ల జాన్ పైలట్ చేతిలో అమానత్ అంటాం. నిజమే. ఆ పైలట్ నిద్ర కంపెనీ చేతిలో అమానత్. తక్దీర్ అనేది జిమ్మేదారీ పూర్తి చేశాక అనాల్సిన మాట, దానికి బదులుగా కాదు.

అమ్మీకి చెప్పొద్దన్నాడు గానీ, నేను చెప్పాను. ఆపా కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నిద్ర లేని రోజు ఎక్కొద్దని చెప్పు వాడికి. బ్యాంకు కిస్తీ సంగతి నేను చూసుకుంటా" అంది.

కుట్టు మిషన్ మీద ఇల్లు నడిపిన మనిషి ఇవ్వగలిగిన భరోసాని, విమానాలున్న కంపెనీ ఎందుకివ్వదు?