గీజరు కొనే ముందు ఇంట్లో అడగవలసిన ప్రశ్న

చలికాలం మొదలవగానే మన ఇళ్ళలో గీజరు ప్రస్తావన వస్తుంది. దుకాణానికి వెళ్ళినవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు: ఎన్ని లీటర్లది? ధర ఎంత? అంతకంటే ముందు ఇంట్లో కూర్చుని వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మన ఇంట్లో వేడినీళ్ళు ఎవరికి, ఏ వేళకు, ఎన్ని కావాలి?

ఫజ్ర్ వేళకు ఇంటిల్లిపాదీ లేస్తారు. అందరూ కొద్ది నిమిషాల వ్యవధిలోనే వుజూ చేసుకోవాలి. కొందరికి గుసుల్ కూడా అవసరం కావచ్చు. తక్కిన నమాజు వేళల్లో చెంబెడు నీళ్ళు చాలు. చలిలో వుజూను పరిపూర్ణంగా చేయడంలో పుణ్యముంది కదా, నీళ్ళు కాచుకోవచ్చునా అని సందేహించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఎదురైన కష్టాన్ని ఓర్చుకోవడంలో పుణ్యముంది. కష్టాన్ని వెతుక్కుంటూ వెళ్ళమని ధర్మం ఆదేశించలేదు. పైగా నీళ్ళు కాచుకునే వసతి ఉన్నవారు చలి పేరు చెప్పి తయమ్ముమ్‌తో సరిపెట్టుకోరాదని ధర్మశాస్త్ర పండితులు స్పష్టం చేశారు.

ఇక లెక్కకు వద్దాం. 15 లీటర్ల గీజరులో 20 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 0.7 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. 2 కిలోవాట్ల గీజరుకు ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఆ నీటికి అంతే చన్నీళ్ళు కలిపితే ఒంటికి హితమైన వేడితో 30 లీటర్లు సిద్ధమవుతాయి. ఐదుగురి వుజూకు ఇవి ధారాళంగా చాలుతాయి. వారిలో ముగ్గురు వెంటవెంటనే స్నానం చేయవలసి వస్తే మాత్రం 25 లీటర్ల గీజరు అవసరం. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు చలిరోజుల్లో నిమిషానికి రెండు లీటర్లకు కొంచెం పైగా మాత్రమే ఇవ్వగలదు. అది వుజూకు, వంటింటికి తగినది. బకెట్టు నిండేదాకా నిలబడాలంటే ఓపిక కావాలి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) లీటరుకు లోపు ఉండే ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని, ఒక సా మొదలు ఐదు ముద్ద్‌ల వరకు నీటితో గుసుల్ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కుళాయి విప్పి వదిలేసే ఇంటికి ఎంత పెద్ద గీజరైనా చాలదు.

పరిమాణం కంటే ముఖ్యమైనది ప్రాణరక్షణ. బకెట్టులో వేసే రాడ్ అన్నిటికంటే చవక. తెల్లవారుజామున, నిద్రమత్తులో, తడినేల మీద నిలబడి, స్విచ్ ఆపకుండానే నీళ్ళు కాగాయో లేదోనని వేలు ముంచి చూడడం మన వాళ్ళకు అలవాటు. మదర్సా వసతిగృహంలో పిల్లల పెట్టెలు తనిఖీ చేసినప్పుడు నేను మొట్టమొదట స్వాధీనం చేసుకునేది రాడ్‌నే; సెల్‌ఫోన్ వంతు ఆ తరువాతే.

గ్యాస్ గీజరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కరెంటు పోయినా అది పనిచేస్తుంది, క్షణాల్లో నీళ్ళు ఇస్తుంది, నిజమే. కానీ మూసిన గదిలో మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. వంటగ్యాస్ లీకైతే వాసన పసిగట్టగలం. దీనికి వాసన లేదు, రంగు లేదు. స్నానం చేస్తున్నవారికి తల తిరుగుతుంది, గడియ తీయడానికి కూడా శక్తి చాలక కూలిపోతారు. పర్దా కోసం బాత్‌రూము కిటికీని, పైన గాలి రంధ్రాన్ని కూడా మూసివేసే ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు. కనుక గ్యాస్ గీజరును బాత్‌రూము బయట, గాలి ఆడే చోటే పెట్టించాలి. లోపలే బిగిస్తామంటే, ఎంత చవకగా వచ్చినా, వద్దనండి. మన పెద్దలు హమామ్ అని పిలిచే రాగి బాయిలరుకూ ఇదే వర్తిస్తుంది. నిప్పులు ఆరకముందే దాన్ని లోపలికి తెచ్చి తలుపు వేసుకోరాదు.

విద్యుత్ గీజరు కొనేవారు ఐఎస్ఐ గుర్తు, స్టార్ గుర్తు చూడాలి. 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించకూడదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, విడిగా వైరు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. బోర్డులో ఎంసీబీ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎంసీబీ కాపాడేది వైరింగ్‌ను. మనిషి ఒంటిలోకి కరెంటు పారితే తక్షణం ఆపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. గీజరు ధరలో వెయ్యి రూపాయలు తగ్గించుకునైనా దీన్ని పెట్టించాలి.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో సున్నం పేరుకుని గీజరు లోపలి కాయిల్ త్వరగా చెడిపోతుంది. ఏటా ఒకసారి విప్పించి, కాయిల్‌తో పాటు మెగ్నీషియం కడ్డీని కూడా చూపించాలి. నీళ్ళు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు రావడం సహజం. తడి అవుతోందని దానికి బిరడా కొట్టించేవారున్నారు, అది టాంకు పగిలే ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో బకెట్టులో ముందు చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు పోయాలి. 60 డిగ్రీల నీళ్ళు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి.

సొంత మేడ ఉన్నవారికి సోలార్ చక్కని ఎంపిక. పగలు కాగిన నీళ్ళు మందపాటి పొర ఉన్న టాంకులో ఫజ్ర్ దాకా వేడిగానే ఉంటాయి, రాత్రి స్నానాలకు అంతా వాడేయకపోతే. నలుగురికి 100 లీటర్లది సరిపోతుంది. అయితే పైకప్పు నుంచి కుళాయి దాకా గొట్టం ఎంత పొడవుంటే అన్ని చన్నీళ్ళు ముందు వస్తాయి. వాటిని పారబోయకుండా బకెట్టులో పట్టుకోవాలి.

అద్దె ఇళ్ళలో ఉన్నవారికి ఒక మాట. ఇల్లు మారేటప్పుడు గీజరును వెంట తీసుకుపోవచ్చు. గోడలోని ఎర్త్ తీగ మన వెంట రాదు. కొత్త ఇంట్లో గీజరు స్విచ్ వేసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ పరీక్ష చేయించండి, ఆ ఖర్చు ఇంటి యజమాని భరించనన్నా సరే.