తమ్ముడున్న న్యాయవాది

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకప్పుడు ఒక చట్టముండేది: ఒకటో తరగతికి వచ్చేసరికి ఐదేళ్ల ‘మానసిక వయసు’ లేని పిల్లల్ని బడి చేర్చుకోనక్కర్లేదు. 2020లో కన్నుమూసిన న్యాయవాది థామస్ గిల్‌హూల్ అనగానే అందరూ ఆ గీతను చెరిపించిన 1971 నాటి కోర్టు ఒప్పందాన్నీ, దాని బాటలో వైకల్యమున్న పిల్లల చదువు కోసం వచ్చిన 1975 జాతీయ చట్టాన్నీ తలుచుకుంటారు. నాకు మాత్రం మేధో వైకల్యమున్న ఆయన తమ్ముడు ముందు గుర్తొస్తాడు. తోబుట్టువు ప్రేమ కోర్టులో రుజువు కాదంటారు; నిజమే, అందుకే ఆయన నిపుణుల్ని బోనెక్కించారు, వాళ్ల సాక్ష్యం విన్నాక రాష్ట్రం రాజీకొచ్చింది. కానీ ఏం అడగాలో నేర్పింది ఇల్లేనని నా నమ్మకం. ఎక్కాలు రానివాడికి చదువెందుకన్న వాదన, చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోవడమూ చదువేనని ఒప్పుకున్న క్షణాన వీగిపోతుంది. తన పనులు తాను చేసుకోగలగడాన్ని ఆ ఒప్పందం విద్య ఫలితంగానే లెక్కగట్టింది.