పాత కారుకు పనితనమే ప్రాణం
రాప్తాడు నుంచి బెంగళూరు హైవే పడితే పెనుకొండ దగ్గర కియా ప్లాంటు. మీ చూపంతా అటే కదా! ఇంకో దారీ ఉంది. హైదరాబాద్ చౌమహల్లాలో నిజాంల 1912 రోల్స్‌రాయిస్ ఉంది. అప్పట్లో కంపెనీ ఛాసీ, ఇంజిన్ ఇస్తే, బాడీని వేరేచోట చేత్తో కట్టేవారు. అందుకే అసలు బండో కాదో తేల్చాలంటే ఆ నంబర్లు పాత రికార్డులతో సరిపోవాలి.

2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజిన్ మార్చని బండికే ‘వింటేజ్’ గుర్తింపు. అంటే ఉన్నదాన్ని నిలబెట్టే పనివాడికే గిరాకీ. అయితే ఈ బండ్లను రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. మార్కెట్ చిన్నదే, దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఐటీఐలో వెల్డింగ్, రేకు పని, మెషినిస్ట్ ట్రేడుల్లో ఒకటి గట్టిగా పట్టండి. ప్లాంటు పిలిచినా, పాత కారు పిలిచినా పనికొస్తుంది.