పరీక్ష ఇంటికొస్తే చాలదు, ప్రశ్న మారాలి

విశ్వవిద్యాలయ విద్యార్థుల చదువును దూరం నుంచే అంచనా వేయవచ్చా అన్న చర్చ వస్తే చాలామంది 2020 నాటి అనుభవాన్ని గుర్తుచేసి వద్దంటారు. ఆ ఏడాది ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం చివరి సంవత్సరం విద్యార్థులకు ఇంటి నుంచి పుస్తకాలు చూసి రాసే పరీక్ష పెట్టింది. రాయడానికి రెండు గంటలు, ప్రశ్నపత్రం దించుకుని జవాబులు స్కాన్ చేసి పంపడానికి ఇంకో గంట ఇచ్చింది. నమూనా పరీక్షల్లోనే పోర్టల్ మొరాయించింది. చూపులేని విద్యార్థుల తరఫున హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కానీ అక్కడ జరిగింది పరీక్ష హాలును యథాతథంగా ఇంటికి తరలించడమే. అదే గడియారం, అందరికీ అదే ప్రశ్నపత్రం. దూరం నుంచి అంచనా వేయాలంటే ముందు మార్చాల్సింది అడిగే ప్రశ్నను.

ఇందులో మొదటి అభ్యంతరం కాపీ. అది నిజమైన భయమే. దూరవిద్య విశ్వవిద్యాలయమైన ఇగ్నో ఎన్నో ఏళ్లుగా ఇంటి దగ్గర రాసే అసైన్‌మెంట్లకు సాధారణంగా 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం మార్కులు ఇస్తోంది. అందరికీ ఒకే ప్రశ్నలు కావడంతో రాసిపెట్టిన జవాబులు బజారులో దొరుకుతున్నాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కొనాల్సిన పని కూడా లేదు. కెమెరాతో కాపలా కాసినా తెలిసేది విద్యార్థి చూపు ఎటు తిరిగిందన్నదే గాని బుర్రలో ఏముందన్నది కాదు. ఎవరి ప్రశ్న వారికి ఇవ్వడమే దీనికి విరుగుడు. అర్థశాస్త్రం విద్యార్థి తన ఊరి పంచాయతీ ఆదాయ వ్యయాలను రెండు వారాలు పరిశీలించి రాయాలి. తర్వాత పది నిమిషాల మౌఖిక పరీక్ష (వైవా)లో ఆ అంకెలను ఎక్కడ సేకరించాడో, తన నిర్ధారణకు ఎలా వచ్చాడో చెప్పాలి. ఎవరో రాసిచ్చిన పని అక్కడ నిలబడదు.

రెండో అభ్యంతరం పేద విద్యార్థుల గురించి. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగినా, మూడు గంటలపాటు సిగ్నల్ తెగకుండా ఉంటుందన్న హామీ నేటికీ లేదు. గడియారం పెట్టి రాయించే ఆన్‌లైన్ పరీక్ష పేదవాణ్ని దెబ్బతీసేది అందుకే. రెండు వారాల పని అయితే ఒక పూట కరెంటు పోయినా తట్టుకుంటుంది. చేత్తో రాసి దగ్గర్లోని కళాశాలలో ఇవ్వవచ్చు, వైవాకు మామూలు ఫోన్ కాల్ చాలు.

మూడోది, అన్నిటికన్నా బరువైనది, అధ్యాపకుల సమయం. వందమందికి పదేసి నిమిషాల వైవా అంటే దాదాపు పదిహేడు గంటలు. పోస్టులు ఖాళీగా ఉంచి ఈ భారాన్ని ఉన్నవాళ్ల నెత్తిన వేస్తే వైవా మొక్కుబడిగా మిగులుతుంది. పైగా నర్సింగ్, ప్రయోగశాల నైపుణ్యాలను ఎలాగూ ఎదురుగానే చూడాలి. అందుకే అన్నిటినీ ఒక్కసారిగా మార్చమనడం లేదు. డిగ్రీ చివరి ఏడాదిలో సెమిస్టరుకు ఒక్క సబ్జెక్టుతో మొదలుపెట్టాలి. వైవా గంటలను బోధన గంటలతో సమానంగా లెక్కించాలి, పరీక్ష ఫీజులో కొంత దానికి కేటాయించాలి. విద్యార్థి తన ఆలోచనను తన మాటల్లో సమర్థించుకోగలడా అన్నది తేల్చేదే విశ్వవిద్యాలయ పరీక్ష. ఆ పని చేసే పద్ధతికి డబ్బు, సమయం ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత.