పాత గుర్రమా, కొత్త గుర్రమా?

1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ పత్రికా రచయిత జపానులో మాజ్డా కంపెనీ పెద్దలలో ఒకరైన కెనిచి యమమోటోను కలుసుకున్నాడు. మాటల సందర్భంలో యమమోటో, తమ కంపెనీ మున్ముందు ఎటువంటి కారు తయారు చేయాలని అతిథిని అడిగారు. హాల్‌కు అటువంటి ప్రశ్నే కావలసి ఉంది. సగం ఇంగ్లీషులోను, సగం జపనీసులోను మాట్లాడుతూ నల్లబల్ల మీద ఒక చిన్న బండి బొమ్మ గీశాడు. ఇంజను ముందు భాగంలో, చోదకశక్తి వెనుక చక్రాలకు, ఆసనాలు రెండే, పైకప్పు గుడ్డతో చేసినది. ఇంగ్లండులో తయారైన అటువంటి బళ్ళను ఒక తరం ప్రేమించింది. అయితే వాటి చమురు కారుతుంది, దీపాలు ఆరిపోతాయి, వానకు లోపలంతా తడిసిపోతుంది. ఆ బండినే చెడిపోకుండా చేయగలిగితే చాలునన్నాడు హాల్. 1981లో ఆయన మాజ్డాలోనే ఉద్యోగంలో చేరాడు.

ఆ సరికి ఆంగ్లేయుల బళ్ళ కథ ముగిసింది. అబింగ్డన్‌లోని ఎమ్.జి. కర్మాగారం 1980లో మూతపడింది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా అదే సంవత్సరం ఆగిపోయింది. ఖాళీ అయిన ఆ పీఠం మీదికి 1989 ఫిబ్రవరిలో, షికాగో మోటారు ప్రదర్శనశాలలో, మాజ్డా ఎమ్.ఎక్స్-5 వచ్చి కూర్చున్నది. అమెరికాలో దానికి మియాటా అని, జపానులో యూనోస్ రోడ్‌స్టర్ అని పేరు. జపాను నమూనా బరువు 940 కిలోలు మాత్రమే. 2000వ సంవత్సరంలో గిన్నిస్ గ్రంథం దీనిని ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గుర్తించింది. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల బళ్ళు తయారయ్యాయి. స్వరాజ్ మాజ్డా లారీల మీదనే ఆ పేరు చూసిన మన దేశపు పాఠకులకు ఇదీ ఆ ఇంటి బిడ్డే అంటే కొంత వింతగానే ఉండవచ్చు.

ఈ కారు రూపకల్పనకు నాయకుడైన తోషిహికో హిరాయి తన ఇంజనీర్ల ముందుంచిన ఆదర్శానికి జపనీసులో ‘జిన్బా ఇత్తాయ్’ అని పేరు. గుర్రమూ రౌతూ ఒకే శరీరమని అర్థం. పరుగెత్తే గుర్రం మీదనుంచి బాణం వేసే యబుసామె అనే విద్య నుంచి ఆ మాట వచ్చింది. రౌతు కొద్దీ గుర్రమని మనవాళ్ళంటారు. హిరాయి బృందం గుర్రాన్నే రౌతుకు తగినట్లు కుట్టి ఇవ్వాలనుకుంది. గేరుబాక్సును వెనుక ఉన్న డిఫరెన్షియల్‌తో కలుపుతూ అల్యూమినియం దూలం ఒకటి అమర్చారు. కాలు యాక్సిలరేటరు మీద ఆనగానే, మధ్యలో సాగుడూ ఊగుడూ లేకుండా, వెనుక చక్రాలు బదులు చెప్పాలన్నది ఉద్దేశం. నాలుగు తరాలలోనూ ఆ దూలాన్ని వదలలేదు.

చిక్కంతా ఆ నాలుగు తరాలతోనే వచ్చింది. 1989లో మొదటిది, 1998లో రెండవది, 2005లో మూడవది, 2015లో నాలుగవది వచ్చాయి. అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉన్న ఒక మనిషి కొంత సొమ్ము కూడబెట్టి, ఇన్నాళ్ళకు ఆ చిన్న బండి కొందామని బయలుదేరాడనుకోండి. అదే పేరు, అదే ఆకారం, ముప్ఫయ్యయిదేళ్ళ తేడా. ఏది కొనాలి? వేగం లెక్క ఒక్కటే చూసేవారికి సమాధానం సులభం. మొదటి తరం 1.6 లీటరు ఇంజను శక్తి 116 అశ్వశక్తి. 2019 నమూనా నాలుగవ తరం రెండు లీటర్ల ఇంజనుది 181. కాని ఈ బండి కొనదలచినవారిలో వేగానికి మొదటి స్థానం ఇచ్చేవారు తక్కువ. అంత వేగమే కావలసినవారికి అదే ధరలో వేరే బళ్ళున్నాయి.

మొదటి తరంలో ఏమున్నదో ముందు చూడాలి. మీట నొక్కగానే కప్పకళ్ళలాగా పైకి లేచే దీపాలున్నాయి. మణికట్టు కదిలితే మారే గేరున్నది. కొన్ని బళ్ళకు పవర్ స్టీరింగు కూడా లేదు. రోడ్డు మీది గులకరాయి సంగతి అరచేతికి తెలుస్తుంది. గాజు కిటికీ దించి, గుడ్డ కప్పు వెనక్కి తోసి, గంటకు అరవై కిలోమీటర్లు పోతున్నా నూరు పోతున్నట్లుంటుంది. ఇది సామాన్యమైన గుణం కాదు. ఎవరికీ ప్రమాదం లేని వేగంలోనే మనసు నింపే బళ్ళు నేడు అరుదు.

అయితే ఆ ఆనందానికి కట్టవలసిన పన్నులు కూడా ఉన్నాయి. కప్పుకు వెనుక కిటికీ ప్లాస్టికుది. ఎండకు మసకబారుతుంది, చలిలో మడిస్తే పగులుతుంది. జిప్పు విప్పి దానిని పరచిన తరువాతనే కప్పు దించాలి. స్టీరింగు ఎత్తూ దూరమూ సవరించుకునే వీలు లేదు. పొడుగాటివారి మోకాళ్ళు దానికి తగులుతాయి. టైమింగు బెల్టును సుమారు 96 వేల కిలోమీటర్లకొకసారి మార్చాలి. తెగినా సాధారణంగా ఇంజను నాశనం కాదు, బండి మాత్రం నడిరోడ్డు మీద ఆగిపోతుంది. 1991 నడుమ వరకు తయారైన 1.6 లీటరు ఇంజన్లలో క్రాంకుషాఫ్టు కొన సన్నగా ఉండి, అక్కడ అమర్చిన చక్రం వదులై అరిగిపోయే లోపం ఉన్నది. ఆ చక్రానికి నాలుగు గాళ్ళుంటే పాత రకం, ఎనిమిదుంటే సవరించిన రకం. బండి చూడబోయేవారు ఒక చిన్న టార్చి, అద్దం తీసుకువెళితే ఈ సంగతి రెండు నిమిషాలలో తేలిపోతుంది.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు తుప్పు. గుడ్డ కప్పు మీద పడిన వాన ఆసనాల వెనుకనున్న రెండు సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. వాటిలో ఆకులు, మట్టి చేరితే ఆ నీరు తలుపు కింది బోలు దూలాలలోకి దిగి, లోపలినుంచి తినివేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఈ జబ్బు రెండవ తరంలో మరీ ఎక్కువ. శీతకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్ళలో తిరిగిన బండికి, కాలిఫోర్నియాలో తిరిగిన బండికి ఒకే వయసున్నా ఆయుర్దాయం ఒకటి కాదు. ఇంజను పాడైతే మరొకటి దొరుకుతుంది. దూలం పోయిన బండికి ఖర్చు పెట్టడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

రెండవ తరం గురించి చెప్పవలసింది తక్కువ. దీపాలు స్థిరపడ్డాయి, వెనుక కిటికీకి వేడిచేసే గాజు వచ్చింది, శరీరం గట్టిపడింది. తుప్పు పట్టనిది దొరికితే డబ్బుకు తగిన బండి. అందం విషయంలో మాత్రం మొదటిదాని పక్కన నిలబడలేదు.

మూడవ తరానికి అన్యాయం జరిగిందనే చెప్పాలి. రెండు లీటర్ల ఇంజను, కొత్త చట్రం, విశాలమైన ఆసనాలు, బెల్టు స్థానంలో గొలుసు వచ్చాయి. 2006 నుంచి మీట నొక్కితే మడుచుకునే గట్టి కప్పు కూడా దొరికింది. జపాను నమూనా బరువు సుమారు 1,090 కిలోలకు చేరేసరికి, గుర్రం లావెక్కిందని అభిమానులు ముఖం చిట్లించారు. నిజానికి ఆరడుగుల మనిషి హాయిగా కూర్చోగల మొదటి ఎమ్.ఎక్స్-5 ఇదే. ఇతరులు ముఖం చిట్లించిన సరుకు చవకగా దొరుకుతుంది. తెలివిగా బేరమాడేవారు ముందు చూడవలసింది దీనినే.

నాలుగవ తరంలో కంపెనీ తన బరువును తానే తూచి చూసుకుంది. 1.5 లీటరు జపాను నమూనా 990 కిలోలకు దిగింది. గాలిసంచులు, అదుపు తప్పకుండా కాపాడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు అన్నీ మోస్తూ పాతికేళ్ళ కిందటి బండికన్నా యాభై కిలోలే ఎక్కువంటే, ఇంజనీర్లు మేకు మేకునూ లెక్కించినట్లే. పొడవులో మొదటి తరంకన్నా కొన్ని సెంటీమీటర్లు తక్కువ కూడా. మొదటి రెండు మూడేళ్ళ బళ్ళలో కొన్నిటి గేరుబాక్సులు చెడగా కంపెనీ వాటిని సవరించింది. 2019 నమూనాతో ఇంజను 7,500 చుట్ల వరకు తిరగసాగింది. స్టీరింగును ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు ముప్ఫై ఏళ్ళకు అప్పుడు వచ్చింది. స్టీరింగుకు విద్యుత్తు సాయం వచ్చి చేరినందువల్ల గులకరాయి కబుర్లు కొంత తగ్గాయన్న మాట వాస్తవమే.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక మనిషి ఇష్టానిష్టాలకు సంబంధించినవి. కాని బండిలో ఆసనాలు రెండు. రెండవ దానిలో కూర్చునేదెవరన్నది కొనేవారు తమను తాము అడగవలసిన ప్రశ్న. అమెరికాలో అమ్మిన మొదటి తరం బళ్ళలో డ్రైవరుకు గాలిసంచి ఉండేది. పక్కవారికి 1994 నమూనాతో గాని రాలేదు. ఇతర దేశాల తొలి బళ్ళలో అనేకం ఇద్దరికీ ఏమీ లేనివే. పక్క నుంచి వచ్చి గుద్దుకునే వాహనానికి అడ్డు సన్నని తలుపు రేకు మాత్రమే. 1989లో రోడ్డు మీది తక్కిన కార్లు కూడా చిన్నవే. నేడు అదే రోడ్డు మీద రెండు టన్నుల బళ్ళు తిరుగుతున్నాయి. వాటి బంపరు ఈ బండిలో కూర్చున్నవారి భుజం ఎత్తున ఉంటుంది. నాలుగవ తరానికి యూరోపు భద్రతా పరీక్షలో 2015లో ఐదింట నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అది అగ్రస్థానం కాకపోయినా, పాతదానితో పోల్చదగినదే కాదు. సాహసం తనకోసం చేసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఇల్లాలి తరఫున, కాలేజీకి దింపవలసిన కూతురి తరఫున ఆ నిర్ణయం ఒక్కడే తీసుకుని, ఆమెకు చెప్పకుండా ఊరుకోవడం మాత్రం న్యాయం కాదు.

కనుక ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కారే అయితే, రోజూ రద్దీ రహదారి మీద ఆఫీసుకు పోవలసి ఉంటే, 2019 తరువాతి బండిని వదలి పాతదానివైపు చూడడం మొండితనమే అవుతుంది. వేరే కారు ఉండి, తడి తగలని షెడ్డు ఉండి, ఆదివారం ఉదయం చేతులకు గ్రీజు అంటించుకోవడంలో సంతోషముండి, ఊరవతలి ఖాళీ దారులు దగ్గరలోనే ఉంటే, మొదటి తరం ఇచ్చే సుఖం మరొకటి ఇవ్వదు. అందులోనూ తుప్పు లేని 1.6ను తుప్పు పట్టిన 1.8 కన్నా పైన ఉంచాలి. మంచి బళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. వచ్చే ఏడు చూద్దామనుకున్నవారికి వచ్చే ఏడు ధర పెరిగి కనిపించవచ్చు.

పాత గుర్రాన్ని ఎన్నుకున్నవారిని కంపెనీ కూడా మరచిపోలేదు. 2017లో మాజ్డా జపానులో మొదటి తరం బళ్ళను విప్పి తిరిగి కొత్తవిగా చేసి ఇచ్చే పథకం ప్రకటించింది. అందుకోసం గుడ్డ కప్పును, నార్డి చెక్క స్టీరింగును, గేరు పిడిని మళ్ళీ తయారు చేయించింది. బ్రిడ్జ్‌స్టోన్ వారు ఆనాటి టైరును అదే కొలతతో తిరిగి పోతపోశారు. అయితే ఆ సేవకు తీసుకురాబోయే బండిని ముందుగా పరీక్షించి తీరుతారు. హిరోషిమా పనివారు చేసే ఆ పరీక్షలో ఎక్కువ భాగాన్ని కొనేవాడు తానే వీధిలో చేసుకోవచ్చు. వానపడ్డ మరునాడు వెళ్ళి, ఆసనాల వెనుక తివాచీ ఎత్తి తడి ఉన్నదేమో చూడాలి. తరువాత మోకాళ్ళ మీద కూర్చుని, వెనుక చక్రం ముందున్న దూలాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కాలి. అక్కడ రేకు కరకరమంటే, అమ్మేవారికి నమస్కారం చెప్పి తరువాతి బండి చిరునామా వెతుక్కోవాలి.