ఒక్క నంబరు చాలు

ఆత్రేయపురంలో ఇంటి దగ్గర పూతరేకులు చుట్టి అమ్ముకునే మహిళ హిందూపురానికి ఒక పెట్టె పంపితే ఏ అధికారీ ఆమెను ప్రశ్నించడు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షల రూపాయలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే పెట్టె, హిందూపురం కంటే ఎంతో దగ్గరున్న భద్రాచలానికి పంపాలంటే మాత్రం ముందుగా ఆమె జీఎస్టీ నంబరు తీసుకోవాలి. పంపేది ఒక్క పెట్టె అయినా, దాని ఖరీదు ఐదొందలైనా మినహాయింపు లేదు. భద్రాచలం తెలంగాణలో ఉంది గనుక అది అంతర్రాష్ట్ర సరఫరా. కేంద్ర జీఎస్టీ చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం, పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవారెవరైనా మొదటి రూపాయి నుంచే రిజిస్టర్ కావాలి.

భద్రాచలంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2014 దాకా ఎటపాక ఆ పట్టణానికి శివారు. విభజన తర్వాత ఎటపాక ఆంధ్రలో, భద్రాచలం తెలంగాణలో పడ్డాయి. భద్రాచలంలో బీరువాలు చేసే చిన్న వర్క్‌షాపు యజమాని ఎటపాకలోని ఇంటికి ఆటోలో బీరువా పంపి ఆ చిరునామా మీద బిల్లు రాస్తే, చట్టం దృష్టిలో ఆయన పరరాష్ట్రానికి సరుకు అమ్మినట్టే. ఊరి చివర ఇంటికి సరుకు చేర్చినందుకు ఆయన రిటర్నులు వేయాలి, ఆడిటరుకు నెలనెలా ఫీజు కట్టాలి, నంబరు నిలబెట్టుకోవాలి.

ఈ నిబంధన అన్యాయం. దీన్ని ఎత్తివేయాలి. రాష్ట్రం లోపల అమ్మేవారికి ఎంత పరిమితి ఉందో, రాష్ట్రం దాటి అమ్మే చిన్న వ్యాపారికీ అంతే ఉండాలి. పెరిగి నాలుగు రాష్ట్రాల్లో గోడౌన్లు వాడుకునే స్థాయికి వచ్చిన వారికి నాలుగు నంబర్లు కాకుండా ఒకే నంబరు ఇవ్వాలి. 2017 జూలై 1న దేశమంతా ఒకే మార్కెట్ అని చెప్పి తెచ్చిన పన్ను ఇది. ఆ మాట చిన్న వ్యాపారి విషయంలో ఇంతవరకూ నిజం కాలేదు.

ఈ నియమం జీఎస్టీతో పుట్టింది కాదు. 1956 నాటి కేంద్ర అమ్మకం పన్ను చట్టం నుంచి వచ్చింది. అప్పట్లో రాష్ట్రం దాటే ప్రతి అమ్మకానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది. దానికి ఆనాడు కారణం ఉంది. పన్ను సరుకు పంపే రాష్ట్రానికి పోయేది, కొనే రాష్ట్రానికి ఏమీ దక్కేది కాదు, సీ ఫారాలు, చెక్‌పోస్టులు తప్ప సరుకు ఎటు పోయిందో తెలుసుకునే మార్గం లేదు. ఇప్పుడు పన్ను వినియోగించే రాష్ట్రానికి చెందుతుంది. రాజ్యాంగంలోని 269ఏ అధికరణ ప్రకారం కేంద్రం అంతర్రాష్ట్ర అమ్మకాల మీద ఐజీఎస్టీ వసూలు చేసి రాష్ట్రాలకు పంచుతోంది. ప్రతి బిల్లు మీదా సరుకు చేరే రాష్ట్రం పేరు ఉంటుంది. చెక్‌పోస్టులు లేచిపోయాయి. ఆ చెక్‌పోస్టుల నాటి అనుమానం మాత్రం చట్టంలో అలాగే మిగిలింది.

వింత ఏమిటంటే సేవలు అమ్మేవారికి ఈ బాధ లేదు. హైదరాబాద్‌లో కూర్చుని ముంబై కంపెనీలకు డిజైన్లు వేసిచ్చే వ్యక్తి ఏడాదికి 19 లక్షలు సంపాదించినా రిజిస్టర్ కానక్కర్లేదు. 2017 అక్టోబర్‌లోనే సేవలకు 20 లక్షల వరకు మినహాయింపు ఇచ్చారు. అంతకు ఒక నెల ముందు చేతివృత్తుల వస్తువులకూ అలాంటి వెసులుబాటు దొరికింది. అంటే రాష్ట్రం దాటినా పరిమితి ఇవ్వడం కుదురుతుందని ప్రభుత్వమే రెండుసార్లు ఒప్పుకుంది. అలాంటప్పుడు పచ్చళ్లు పెట్టేవాళ్లు, నైటీలు కుట్టించి అమ్మేవాళ్లు, అగరుబత్తీలు చుట్టేవాళ్లు చేసిన పాపమేమిటి? వీరిలో ఎక్కువమంది మహిళలు. వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని, కొరియర్‌లో వేసి, ఫోన్‌పేలో డబ్బు తీసుకుంటారు. రాజమండ్రిలో పచ్చళ్లు పెట్టే ఆమెకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై తెలుగువాళ్లే ఖాతాదారులు. సొంత రాష్ట్రంలో ఆవకాయ ఎవరింట్లో వాళ్లు పెట్టుకుంటారు. కొనేవాళ్లు ఉన్నదే సరిహద్దు అవతల.

2023 అక్టోబర్ 1 నుంచి ఒక సడలింపు ఇచ్చారు. ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మేవారు పరిమితి లోపు ఉంటే రిజిస్ట్రేషన్ లేకుండానే, పాన్ ఆధారంగా ఒక నమోదు సంఖ్య తీసుకుని అమ్ముకోవచ్చన్నారు. షరతు మాత్రం అదే పాతది: సరుకు రాష్ట్రం దాటకూడదు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టి, మా రాష్ట్రం వాళ్లే కొనండి అని చెప్పాలన్నమాట. దేశమంతా కనిపించే అంగడిలో ఇలాంటి షరతుకు అర్థం లేదు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారి సంగతీ ఇంతే. కోటిన్నర దాకా టర్నోవర్ ఉన్న వ్యాపారి తక్కువ రేటుతో, తక్కువ లెక్కలతో బతకడానికి పెట్టిన పథకం అది. పక్క రాష్ట్రానికి సరుకు అమ్మితే అందులో ఉండే అర్హత పోతుంది.

ఇక రిజిస్టర్ అయిన వ్యాపారి ఎదిగి కొత్త రాష్ట్రాల్లోకి వెళ్లేటప్పుడు ఎదురయ్యే చిక్కులు వేరు. ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఆంధ్రలో నంబరు ఉన్న వ్యాపారి ఇక్కడి నుంచే దేశంలో ఎక్కడికైనా సరుకు పంపవచ్చు, దానికి కొత్త నంబరు అవసరం లేదు. కానీ నేటి ఆన్‌లైన్ వ్యాపారం అలా నడవదు. రేపటికల్లా సరుకు అందాలని కొనేవాడు కోరుకుంటాడు. అందుకే అంగడి సంస్థలు సరుకును కొనేవాడికి దగ్గరున్న తమ గోడౌన్లలో ముందే పెట్టమంటాయి. బెంగళూరు దగ్గరి గోడౌన్‌లో సరుకు పెట్టాలంటే కర్ణాటకలో రిజిస్ట్రేషన్ కావాలి. గురుగ్రామ్‌లో పెట్టాలంటే హర్యానాలో, భివండీలో పెట్టాలంటే మహారాష్ట్రలో. 25వ సెక్షన్ ప్రకారం ఒకే పాన్ మీద ఉన్నా ప్రతి రాష్ట్రంలోని రిజిస్ట్రేషనూ ఒక ప్రత్యేక వ్యక్తి కింద లెక్క. ఆంధ్ర నంబరు 37తో మొదలవుతుంది, తెలంగాణ నంబరు 36తో. ఒకే మనిషి, రెండు నంబర్లు, చట్టానికి ఇద్దరు మనుషులు.

ఇద్దరు మనుషులయ్యాక ఒకరు ఇంకొకరికి సరుకు పంపినా అది అమ్మకమే. రాజమండ్రి వ్యాపారి 18 శాతం పన్ను ఉన్న సరుకు 5 లక్షలది హైదరాబాద్ గోడౌన్‌కు పంపాలనుకుందాం. తన పేరు మీద తనే బిల్లు రాసుకుని, 90 వేల రూపాయలు ఐజీఎస్టీ చూపించాలి. కొనుగోళ్ల మీద అప్పటికే కట్టిన పన్ను తాలూకు క్రెడిట్ పోను మిగిలింది చేతి నుంచి కట్టాలి. ఆ 90 వేలు తెలంగాణ నంబరులో క్రెడిట్‌గా కనిపిస్తాయి. కానీ అక్కడ సరుకు అమ్ముడైతేనే వాడుకోగలడు. అమ్ముడుపోక వెనక్కి తెప్పించుకుంటే మళ్లీ బిల్లు, మళ్లీ పన్ను. అప్పు తెచ్చి సరుకు తయారుచేసినవాడికి ఇలా ఇరుక్కుపోయిన 90 వేల మీద నడిచే వడ్డీ ఎవరు కడతారు?

రిటర్నుల భారం వేరే ఉంది. నెలనెలా వేసేవారికి ఒక్కో నంబరు మీద ఏడాదికి 24 రిటర్నులు. ఐదు రాష్ట్రాలుంటే 120. 5 కోట్ల లోపు వారికి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఉన్నా ఐదు రాష్ట్రాలకు 40 అవుతాయి, మధ్య నెలల చలానాలు అదనం. ఒక రాష్ట్రంలో మూడు నెలలు ఒక్క వస్తువూ అమ్ముడవకపోయినా ‘నిల్’ రిటర్న్ వేయాలి. మరచిపోతే రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము. ఆరు నెలలు వేయకపోతే నంబరు రద్దుకు నోటీసు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి చిరునామా. కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అడిగితే అక్కడ మీ ప్రధాన వ్యాపార స్థలం చూపించమంటారు. అద్దె ఒప్పందమో, యజమాని సమ్మతి పత్రమో, దాంతోపాటు కరెంటు బిల్లు వంటి పత్రం కావాలి. రాజమండ్రివాడికి గురుగ్రామ్‌లో ఇల్లెక్కడిది? దీంతో చిరునామాలు అద్దెకిచ్చే వ్యాపారం పుట్టింది. ‘వర్చువల్ ఆఫీస్’ పేరుతో ఏడాదికింత అని తీసుకుని కాగితాలు ఇస్తారు, ఆ ఆఫీసు గోడ మీద అందరి పేర్ల బోర్డులూ తగిలిస్తారు. వ్యాపారి అక్కడ ఒక్కరోజూ కూర్చోడు. రేపు అధికారి తనిఖీకి వస్తే అతని నంబరు ఉంటుందో ఊడుతుందో ఆ బోర్డే తేలుస్తుంది. దొంగ కంపెనీలను ఆపాలని పెట్టిన నిబంధన నిజాయితీపరుడి చేత ఉత్తుత్తి చిరునామా కొనిపిస్తోంది.

దరఖాస్తుల దగ్గర అధికారులు ఊహాగానాలతో ప్రశ్నలు వేస్తున్నారని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డే గుర్తించింది. మీ ఇల్లు ఒక ఊళ్లో, వ్యాపారం ఇంకో రాష్ట్రంలో ఎందుకు వంటి ప్రశ్నలు వేయవద్దని 2025 ఏప్రిల్ 17న ఆదేశాలు ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 3న జరిగిన 56వ సమావేశంలో జీఎస్టీ మండలి మరో అడుగు వేసింది. ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా పలు రాష్ట్రాల్లో అమ్మే చిన్న వ్యాపారులకు ప్రతి రాష్ట్రంలోనూ ప్రధాన వ్యాపార స్థలం నిర్వహించడం కష్టంగా ఉందని ఒప్పుకుని, సులభ రిజిస్ట్రేషన్ విధానానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. విధివిధానాలను తర్వాత మండలి ముందు ఉంచుతామన్నారు. మంచి నిర్ణయమే. అయితే అసలు సంగతంతా ఆ విధివిధానాల్లోనే ఉంటుంది. ఫారంలో నాలుగు గడులు తగ్గించి, రాష్ట్రానికో నంబరును అలాగే ఉంచితే దాన్ని సంస్కరణ అనలేం.

మేం కోరేది ఇది. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారికి సొంత రాష్ట్రంలో తీసుకున్న నంబరే దేశమంతా చెల్లాలి. ఇతర రాష్ట్రాల్లోని గోడౌన్లను ఆ నంబరు కిందే అదనపు స్థలాలుగా చేర్చుకోనివ్వాలి. సొంత సరుకును సొంత గోడౌన్‌కు తరలిస్తే పన్ను ఉండకూడదు, ఈ-వే బిల్లు చాలు. నోటీసు ఇచ్చే అధికారం సొంత రాష్ట్ర అధికారికే ఉండాలి. అమ్మకం ఏ రాష్ట్రంలో జరిగిందో ఆ రాష్ట్రానికి పన్ను వాటా ఎలాగూ లెక్క ప్రకారం వెళుతుంది.

దీనివల్ల తమ రాబడి, తమ నిఘా పోతాయని రాష్ట్రాలు భయపడవచ్చు. బోగస్ రిజిస్ట్రేషన్లతో దొంగ క్రెడిట్ దండుకున్న ముఠాలు నిజంగానే ఉన్నాయి. వాటిని ఏరివేయడానికి 2023లోనూ 2024లోనూ దేశవ్యాప్తంగా ప్రత్యేక తనిఖీలు జరిగాయి. ఆ జాగ్రత్త అవసరమే. కానీ అంగడి సంస్థ ద్వారా అమ్మేవాడి దగ్గర దాపరికానికి చోటెక్కడ? అతని అమ్మకం మొత్తం మీద అంగడి సంస్థ ముందే అర శాతం పన్ను పట్టుకుని, ప్రతి నెలా అతని పేరుతో ప్రభుత్వానికి లెక్క చెబుతోంది. దొంగ బిల్లుల మోసం బిల్లు మీదే నడుస్తుంది, ఇంటింటికీ సరుకు చేర్చే వ్యాపారంలో అది కుదరదు. పరిమితిని ఎగ్గొట్టడానికి రాష్ట్రాలవారీగా టర్నోవర్‌ను చీల్చుకుంటారన్న వాదనకూ బలం లేదు. మొత్తం టర్నోవర్‌ను పాన్ ఆధారంగా దేశమంతటా కలిపే లెక్కిస్తారు.

ఇలాంటి విధానం ఎక్కడా లేదనీ అనలేం. ఐరోపా సమాఖ్యలో 27 దేశాలున్నాయి, ప్రతి దేశానికీ సొంత ఖజానా, సొంత వ్యాట్ రేట్లు ఉన్నాయి. అయినా 2021 జూలై 1 నుంచి అక్కడి ఆన్‌లైన్ వ్యాపారి ఒక్క దేశంలో నమోదై అన్ని దేశాల అమ్మకాలకూ ఒకే రిటర్న్ వేయవచ్చు. దేశం దాటే అమ్మకాలు ఏడాదికి 10 వేల యూరోల లోపు ఉంటే సొంత దేశపు పన్నే సరిపోతుంది. అమెరికాలో 2018లో వేఫెయిర్ కేసులో సుప్రీంకోర్టు పరరాష్ట్ర వ్యాపారి మీద అమ్మకం పన్ను బాధ్యత పెట్టడాన్ని అనుమతించింది. ఆ కేసుకు మూలమైన సౌత్ డకోటా చట్టం కూడా లక్ష డాలర్లు, 200 అమ్మకాలు రెండింటికీ లోపున్న వారిని వదిలేసింది. అక్కడ ఇరవైకి పైగా రాష్ట్రాలు కలిసి ఒకే దరఖాస్తుతో నమోదయ్యే ఏర్పాటు చేసుకున్నాయి. ఒకే రాజ్యాంగం, 301వ అధికరణలో దేశమంతటా స్వేచ్ఛా వాణిజ్యం హామీ, ఒకే జీఎస్టీ పోర్టల్ ఉన్న మనకు ఇది ఎందుకు చేతకాదు?

తెలంగాణ ప్రభుత్వానికి విడిగా ఒక మాట. సరుకుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ పరిమితిని 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలకు పెంచుకోవచ్చని అవకాశం ఇచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. జగ్గయ్యపేటలో 30 లక్షల వ్యాపారం చేసే కిరాణా కొట్టుకు నంబరు అవసరం లేదు, కోదాడలో అదే కొట్టుకు కావాలి. దీనికి మండలి సిఫార్సు కావాలి, కానీ ముందు అడగాల్సింది రాష్ట్రమే. తెలంగాణ ఆ చొరవ తీసుకోవాలి.

మండలిలో మూడింట రెండు వంతుల ఓటు బలం రాష్ట్రాలదే. అక్కడ ఆంధ్రప్రదేశ్ తరఫున ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్, తెలంగాణ తరఫున ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క కూర్చుంటారు. ఏ పార్టీవారైనా ఇద్దరూ జవాబు చెప్పాల్సింది సరిహద్దుకు అటూఇటూ సరుకు అమ్ముకునేవాళ్లకే. చిన్న వ్యాపారులకు అంతర్రాష్ట్ర పరిమితి, ఒకే నంబరు, రెండూ కలిపి ఇద్దరూ ఉమ్మడిగా ఒక ప్రతిపాదన ఇవ్వాలి. సులభ రిజిస్ట్రేషన్ విధివిధానాలు ఖరారు కాకముందే ఆ కాగితం మండలి ఎజెండాలోకి ఎక్కాలి.